గ్రామానికి చేరిన గొంతు, గ్రామం పలికిన గొంతు: అనుసంధాన సాంకేతికత చరిత్రలో తెలుగు (1956–2008)

ఉపోద్ఘాతం

గ్రామాలను సాంకేతిక సాధనాలతో పరస్పరం అనుసంధానించి, వాటి జీవనాన్ని మెరుగుపరచాలన్న ఆలోచనను నేడు ‘స్మార్ట్’ అన్న విశేషణంతో వ్యవహరిస్తున్నాం. ఫైబర్ తీగలు, సెల్‌ఫోన్లు, కృత్రిమ మేధ ఈ ఆలోచనకు నేటి రూపాలు. పేరు కొత్తదే గాని ఆలోచన కొత్తది కాదు. భారతదేశంలో దీనికి ఆరు దశాబ్దాలకు మించిన ప్రయోగ చరిత్ర ఉంది. అందులో తెలుగు గ్రామాలకు ప్రత్యేకమైన స్థానం ఉంది. అయితే ఈ చరిత్రను ఇంతవరకు ఎక్కువగా అంతరిక్ష విజ్ఞాన చరిత్రలో భాగంగానో, ప్రసార మాధ్యమాల చరిత్రలో భాగంగానో రాశారు. భాషా చరిత్రలో భాగంగా పరిశీలించినవారు తక్కువ.

ఈ వ్యాసం మూడు ప్రయోగాలను వరుసగా పరిశీలిస్తుంది. మొదటిది 1956లో పూనా ప్రాంతంలో జరిగిన గ్రామీణ రేడియో గోష్ఠుల ప్రయోగం. ఇది తెలుగు నేలపై జరిగింది కాదు. కాని తరువాతి ప్రయోగాలను అంచనా కట్టడానికి అవసరమైన కొలమానం ఇక్కడే ఏర్పడింది. రెండవది 1975–76లో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో జరిగిన ఉపగ్రహ దూరదర్శన ప్రయోగం. మూడవది 2008లో అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో ప్రసారం ప్రారంభించిన సంఘం రేడియో. ఈ మూడింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. సాంకేతికత ఎంత దూరం చేరిందన్నది ఒక ప్రశ్న. చేరిన చోటు నుంచి మాట తిరిగి వచ్చిందా అన్నది మరొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు యంత్రశాస్త్రం సమాధానం చెప్పగలదు. రెండవ ప్రశ్నకు సమాధానం భాషలో, అందునా మాండలికంలో ఉంది. తెలుగు పరిశోధనకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం ఇదే.

పూనా ప్రయోగం: తిరుగు జాబు కోసం వేచిన రేడియో

కెనడాలో 1941లో ప్రారంభమైన వ్యవసాయ రేడియో గోష్ఠుల నమూనాను అనుసరించి, యునెస్కో సహకారంతో ఆకాశవాణి 1956లో పూనా పరిసర జిల్లాలలో ఒక ప్రయోగం చేపట్టింది. అప్పటి బొంబాయి రాష్ట్రంలోని ఐదు జిల్లాల నుంచి సుమారు 150 గ్రామాలను ఎంచుకున్నారు. ప్రతి గ్రామంలోనూ ఒక గోష్ఠిని ఏర్పాటు చేశారు. వారానికి రెండు ప్రసారాల చొప్పున మొత్తం 20 కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. గోష్ఠి సభ్యులు కూడి వినడం, విన్నదానిపై చర్చించడం, తీర్మానించినదాన్ని ఆచరణలో పెట్టడం అన్నవి మూడు దశలు. చర్చలో తలెత్తిన ప్రశ్నలను ఆకాశవాణి కేంద్రానికి పంపేవారు. వాటికి రాబోయే ప్రసారాలలో సమాధానాలు వచ్చేవి. ఈ ప్రయోగ ఫలితాలను టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఆధ్వర్యంలో పాల్ న్యూరత్ మూల్యాంకనం చేశారు. ఆనాటి ఆకాశవాణి డైరెక్టర్ జనరల్ జగదీశ్ చంద్ర మాథుర్‌తో కలిసి ఆయన వెలువరించిన నివేదిక గ్రామీణ ప్రసారాల అధ్యయనంలో మౌలిక గ్రంథంగా నిలిచింది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. రేడియో స్వభావరీత్యా ఏకముఖ సాధనం. కేంద్రం పలుకుతుంది, గ్రామం వింటుంది. ఈ ఏకముఖత్వాన్ని పూనా ప్రయోగం యంత్రంతో గాక సామాజికమైన ఏర్పాటుతో సరిదిద్దింది. గోష్ఠి సంచాలకుడు, చర్చ, కేంద్రానికి వెళ్ళే ఉత్తరం – ఈ మూడూ కలిసి ఒక తిరుగుదారిని నిర్మించాయి. గోష్ఠి లేని గ్రామాలతో పోల్చినప్పుడు గోష్ఠులున్న గ్రామాలలో విజ్ఞానవృద్ధి స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. కొన్ని గ్రామాలలో రేడియో ఉండి గోష్ఠి లేదు, అక్కడ పెరుగుదల స్వల్పం. రేడియో పెట్టె ఒక్కటే చాలదని, దాని చుట్టూ మాట సాగాలని ఈ తేడా నిరూపించింది. 1959లో ఈ గోష్ఠుల పద్ధతిని దేశవ్యాప్తం చేయాలని ప్రభుత్వం పూనుకుంది. కాని విస్తరణలో గోష్ఠి సంఖ్యపై ఉన్న శ్రద్ధ తిరుగుదారిపై నిలవలేదు.

ఉపగ్రహ ప్రయోగం: ఒకే ఆకాశం, నాలుగు భాషలు

భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహాల ద్వారా ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చునని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే ప్రతిపాదించారు. ఆ ఊహను గ్రామీణాభివృద్ధికి అన్వయించాలన్న సంకల్పం విక్రమ్ సారాభాయిది. నగరాల నుంచి క్రమంగా పల్లెలకు విస్తరించే భూతల ప్రసార కేంద్రాల కోసం వేచి ఉండనవసరం లేకుండా, వెనుకబడిన గ్రామానికే ముందుగా టెలివిజన్‌ను చేర్చవచ్చునన్నది ఆయన వాదం. ఆ వాదానికి ఫలితంగా 1969 సెప్టెంబరు 18న భారత అణుశక్తి విభాగానికీ, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకూ మధ్య ఒప్పందం కుదిరింది. సారాభాయి 1971 డిసెంబరులో మరణించారు. ఆయన తలపెట్టిన పని అహమ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రంలో యశ్‌పాల్ నాయకత్వాన కొనసాగింది.

1974 మే 30న ప్రయోగించిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మరుసటి సంవత్సరం తూర్పు రేఖాంశం 35 డిగ్రీల వద్దకు జరిపారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, సరిగ్గా ఒక సంవత్సరం, భారతదేశానికి దాని సేవలు లభించాయి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలోని 20 జిల్లాల నుంచి సుమారు 2,400 గ్రామాలను ఎంపిక చేశారు. ఉపగ్రహ సంకేతాన్ని నేరుగా అందుకునే టెలివిజన్ సెట్లను హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారు చేసింది. దాదాపు మూడు మీటర్ల వ్యాసం గల యాంటెన్నాను కోళ్లగూళ్లకు వాడే ఇనుప వలతో నిర్మించారు. పాఠశాల వంటి అందరికీ చెందిన చోట సెట్టును అమర్చారు. విద్యుత్తు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలతో నడిపారు. ఖరీదైన ఉపగ్రహం ఆకాశంలో, చౌకైన వల నేలమీద – ఈ పొందికే ఆ ప్రయోగంలోని ఇంజనీరింగ్ ప్రతిభ.

భాషాపరంగా ఈ ప్రయోగానికి విశేష ప్రాధాన్యముంది. ప్రసారాలు హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషలలో సాగాయి. కార్యక్రమాల నిర్మాణానికి ఢిల్లీ, కటక్, హైదరాబాదులలో కేంద్రాలను నెలకొల్పారు. తెలుగు, కన్నడ కార్యక్రమాల బాధ్యత హైదరాబాదు కేంద్రానిది. ఉదయం బడిపిల్లల కోసం, సాయంకాలం పెద్దల కోసం, మొత్తం రోజుకు నాలుగు గంటల ప్రసారం. వ్యవసాయం, పశుపోషణ, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, జాతీయ సమైక్యత ప్రధాన విషయాలు. సాయంకాలం అరగంట ఉమ్మడి కార్యక్రమం అన్ని ప్రాంతాలకూ హిందీలోనే వెళ్ళేది. ఉపగ్రహ సంకేతంలో ఒక దృశ్య మార్గం, రెండు శబ్ద మార్గాలు ఉండేవి. అంటే ఒకే దృశ్యాన్ని ఏకకాలంలో రెండు భాషల్లో అందించే వీలు ఆ సంకేత నిర్మాణంలోనే ఉంది.

ఈ చివరి అంశం సాంకేతిక వివరంగా మాత్రమే కనిపించవచ్చు. కాని అది భాష విషయంలో ఒక నిర్ణయం. దృశ్యం ఉమ్మడిగా ఉండి, శబ్దం మాత్రమే వేరైనప్పుడు, తెరమీది మనిషి తన పెదవులతో తన మాట తాను పలకడం కష్టం. అతని పనిని చూపిస్తూ వెనుకనుంచి వ్యాఖ్యాత పలకవలసి ఉంటుంది. ఆ వ్యాఖ్యాత భాష ఎవరికీ పూర్తిగా పరాయిది కాకూడదు గనుక, ఎవరికీ పూర్తిగా సొంతమూ కాలేదు. భాషలకు రెండు మార్గాలు దొరికాయిగాని ఒక భాషలోని మాండలికాలకు చోటు దొరకలేదు. తెలుగు అన్న ఒకే శీర్షిక కింద తెలంగాణ పల్లె, రాయలసీమ పల్లె ఒకే శ్రోతగా లెక్కకు వచ్చాయి.

మూల్యాంకనం చెప్పినదేమిటి?

సైట్ అన్న సంక్షిప్త నామంతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగంలో సామాజిక పరిశోధనకు లభించినంత స్థానం ఆనాటి మరే సాంకేతిక కార్యక్రమంలోనూ అరుదు. ప్రసారాలకు ముందు, మధ్య, తరువాత విస్తృతమైన సర్వేలు జరిగాయి. ఎంపిక చేసిన కొన్ని గ్రామాలలో మానవశాస్త్ర పరిశోధకులు నెలల తరబడి నివసించి, టెలివిజన్ రాకతో గ్రామజీవనంలో వచ్చిన మార్పులను నమోదు చేశారు. బినోద్ సి. అగ్రవాల్ రచనలు ఈ అధ్యయనాలను విద్వల్లోకానికి పరిచయం చేశాయి.

ఫలితాలు మిశ్రమం. తొలినాళ్లలో జనం వందల సంఖ్యలో గుమిగూడారు. తరువాత హాజరు ఒక్కొక్క సెట్టుకు సగటున సుమారు వందమంది వద్ద స్థిరపడింది. ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ విషయాలలో అవగాహన పెరిగింది. ఆ పెరుగుదల నిరక్షరాస్యులలో, స్త్రీలలో ఎక్కువగా కనిపించడం చెప్పుకోదగినది. అక్షరం చేరనిచోటికి దృశ్యం చేరగలదన్న నమ్మకానికి ఇది బలమిచ్చింది. టెలివిజన్‌నూ, రేడియోనూ, స్థానిక శిక్షకులనూ కలిపి రెండు విడతలుగా దాదాపు 48,000 మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అయితే వ్యవసాయంలో కొత్త పద్ధతులను రైతులు అనుసరించడంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

ఈ తేడాకు కారణమేమిటి? ఆరోగ్య సూత్రాలు చాలావరకు సార్వత్రికం. నీటిని కాచి తాగాలన్న మాట ఏ ఊరికైనా ఒకే విధంగా వర్తిస్తుంది. సేద్యం అలాంటిది కాదు. నేల, నీరు, విత్తనం, అదును – ఇవి ఊరూరికీ మారతాయి. వాటితోపాటు వాటిని చెప్పే మాటలూ మారతాయి. వర్షాధారపు భూమిని కోస్తాలో మెట్ట అంటారు, తెలంగాణలో చెలక అంటారు, రెవెన్యూ కాగితాలలో ఖుష్కి అనీ ఉంది. నీటి వసతిగల భూమి ఒకచోట మాగాణి, మరొకచోట తరి. వేరుశనగ ఒక ప్రాంతంలో పల్లికాయ, మరొక ప్రాంతంలో బుడ్డలు, ఇంకొక ప్రాంతంలో చెనక్కాయ. రాగులను తెలంగాణలో తైదలంటారు, ఉత్తర కోస్తాలో చోళ్లంటారు. రైతు ఈ మాటలను పర్యాయపదాలుగా వాడడు. ఒక్కొక్క మాటతో తన నేల అనుభవం ముడిపడి ఉంటుంది. విస్తారమైన ప్రాంతానికి ఒకే కార్యక్రమం వెళ్ళినప్పుడు సమాచారం సాధారణీకరణ చెందింది. భాష కూడా దానితోపాటే సాధారణీకరణ చెందింది. ఈ రెండింటినీ విడదీసి చూడడం వల్లనే మూల్యాంకనంలో భాషాంశం వెనుకబడిందని ఈ వ్యాసం అభిప్రాయం.

మరొక లోపం నిర్మాణంలోనే ఉంది. పూనాలో గోష్ఠి, ఉత్తరం కలిసి ఏర్పరచిన తిరుగుదారి సైట్‌లో ప్రసారంలో భాగం కాలేదు. గ్రామీణుని స్పందన పరిశోధకుని ప్రశ్నావళిలోకి వెళ్ళింది. మరునాటి ప్రసారంలోకి రాలేదు. గ్రామీణుడు అధ్యయనానికి విషయమయ్యాడు, సంభాషణలో భాగస్వామి కాలేదు. దీనికి భిన్నమైన ఉదాహరణ అదే కాలంలో గుజరాతులోని ఖేడా జిల్లాలో కనిపిస్తుంది. పీజ్ గ్రామంలో నెలకొల్పిన చిన్న ట్రాన్స్‌మిటర్ ద్వారా ఆ ఒక్క జిల్లాకే ప్రత్యేకించిన కార్యక్రమాలు, స్థానికులను భాగస్వాములను చేస్తూ సాగాయి. ఉపగ్రహం వెనుదిరిగాక కూడా ఖేడా ప్రసారాలు కొనసాగి, తరువాత గ్రామీణ ప్రసార రంగంలో యునెస్కో పురస్కారాన్ని పొందాయి.

సైట్ ముగిశాక హైదరాబాదు వంటి చోట్ల భూతల ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు ప్రారంభించింది. కాని సైట్ గ్రామాలలో అనేకం ఈ ట్రాన్స్‌మిటర్ల పరిధికి వెలుపలే ఉండిపోయాయి. 1982 ఆగస్టు 15న ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం మొదలైంది. 1983లో ఇన్సాట్-1బి కక్ష్యలోకి చేరింది. ఇప్పుడు ఆకాశం మనదే, ఉపగ్రహం మనదే. కాని నాలుగు భాషల గ్రామాన్ని ఉద్దేశించి మొదలైన దారిలో ఒకే భాష, ఒకే నగరం నుంచి ప్రధానంగా ప్రయాణించసాగింది.

చేతికందిన కోశం

ఈ చరిత్రలో తెలుగు పరిశోధకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన ఒక సందర్భం ఉంది. సైట్‌కు 13 సంవత్సరాల ముందే, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని ప్రచురించింది. అది వ్యవసాయ పదాల సంపుటం. జిల్లాలవారీగా క్షేత్రపర్యటనలు చేసి, రైతుల నోట విన్న మాటలను వాటి ప్రాంతాలతో సహా నమోదు చేసిన కృషి అది. తెలుగును ప్రధానంగా నాలుగు మాండలిక మండలాలుగా గుర్తించడానికి ఈ పదసామగ్రి ఆధారమైంది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది.

వ్యవసాయ కార్యక్రమాలను గ్రామగ్రామానికీ చేర్చదలచిన వ్యవస్థకు ఏ మాట ఎక్కడ చెల్లుతుందో చెప్పే గ్రంథం అప్పటికే తెలుగులో సిద్ధంగా ఉంది. కాని ఒక రంగం దీన్ని భాషాశాస్త్ర గ్రంథంగా చూసింది. మరొక రంగం టెలివిజన్‌ను యంత్రశాస్త్ర విషయంగా చూసింది. సైట్ చరిత్రను చెప్పే ప్రసిద్ధ రచనలలో ఇలాంటి మాండలిక పరిశోధనకు స్థానం కనిపించదు. ఇందులో ఇంజనీర్లను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. వృత్తిపదకోశాన్ని నిఘంటువుల అలమారు నుంచి దించి, ప్రసార కేంద్రపు బల్లమీద పెట్టవలసిన బాధ్యత భాషాశాఖలకూ ఉంది. పదసేకరణ జరిగినంత దీక్షగా పదవినియోగం గురించిన ఆలోచన జరగలేదు.

మాచనూరు: వంద వాట్ల పరిధిలో

రేడియో తరంగాలు ఎవరి ఆస్తి అన్న ప్రశ్నకు 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక చారిత్రకమైన సమాధానం ఇచ్చింది. అవి ప్రజల ఆస్తి అనీ, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యం తగదనీ జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తమ తీర్పులలో వివరించారు. ఈ తీర్పు వచ్చాక కూడా గ్రామీణ సమూహాలకు ప్రసార హక్కు లభించడానికి 11 సంవత్సరాలు పట్టింది. మొదట విద్యాసంస్థలకు మాత్రమే అనుమతి దక్కింది. 2006 విధానంతో స్వచ్ఛంద సంస్థలకు అవకాశం వచ్చింది.

ఈ పోరాటంలో జహీరాబాదు ప్రాంతపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ముందు వరుసలో నిలిచింది. 1983లో ఏర్పడిన ఈ సంస్థ దళిత మహిళల సంఘాలతో చిరుధాన్యాల సాగుపై, విత్తన పరిరక్షణపై పనిచేస్తూ వచ్చింది. 1998 నాటికే యునెస్కో తోడ్పాటుతో మాచనూరులో రేడియో కేంద్రం సిద్ధమైంది. అనుమతి లేనందున, సంఘం మహిళలు కార్యక్రమాలను టేపులపై ముద్రించి, గ్రామాల సంఘ సమావేశాలలో వినిపించేవారు. పదేళ్లపాటు ఇలా ప్రసారం లేని రేడియోను నడిపారు. చివరకు 2008 అక్టోబరు 15న 90.4 ఎఫ్.ఎం.పై సంఘం రేడియో ప్రసారం మొదలైంది. ప్రారంభించినవారు 1995 తీర్పు రాసిన జస్టిస్ సావంత్ కావడం సముచితం.

సాముదాయిక రేడియోకు విధానం అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లు. సంఘం రేడియో సుమారు 25 కిలోమీటర్ల మేర వినిపిస్తుంది. ఏటీఎస్-6 పరిధితో పోలిస్తే ఇది లెక్కలోకి రాని దూరం. కాని ఈ పరిధిలోపల పలికేవారూ, వినేవారూ ఒకే భాషాసమాజానికి చెందినవారు. ఇక్కడ ధ్వనిముద్రణ, కూర్పు, ప్రసారం చేసేది స్థానిక మహిళలే. తైదలు, కొర్రలు, సామలు, విత్తన పద్ధతులు, పాటలు, ఇంటి వైద్యం – వీటి గురించి పలికే తెలుగు ఆ ఊళ్ల తెలుగు. దానికి వ్యాఖ్యాత అవసరం లేదు, అనువాదం అవసరం లేదు. పూనాలో ఉత్తరం చేసిన పనిని ఇక్కడ శ్రోతే చేస్తుంది. నేడు విన్నామె రేపు మైకు ముందు కూర్చోగలదు.

అయినా సంఘం రేడియోను సైట్‌కు పరిపూర్ణ ప్రత్యామ్నాయంగా భావించనక్కరలేదు. చిన్న పరిధి దాని బలం, అదే దాని పరిమితి. సాముదాయిక రేడియోలు సొంతంగా వార్తలు ప్రసారం చేయడానికి విధానం అనుమతించలేదు. ఒక గ్రామ సముదాయం మాట పక్క జిల్లాకు చేరే మార్గం దానిలో లేదు. సైట్‌లో దూరం ఉంది, తిరుగుదారి లేదు. సంఘం రేడియోలో తిరుగుదారి ఉంది, దూరం లేదు.

ముగింపు

ఈ రెండు లక్షణాలనూ కలపగల సాధనాలు చరిత్రలో మొదటిసారిగా నేడు అందుబాటులోకి వస్తున్నాయి. సెల్‌ఫోన్ రెండువైపులా మాటను మోస్తుంది. దూరం దానికి అడ్డు కాదు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన భాషిణి వంటి కార్యక్రమాలు భారతీయ భాషలలో వాక్కును అక్షరంగా, అక్షరాన్ని వాక్కుగా మార్చే, ఒక భాష నుంచి మరొక భాషకు అనువదించే సాధనాలను రూపొందిస్తున్నాయి. రైతు తన ప్రశ్నను తన నోటితో అడిగి, సమాధానాన్ని చెవితో వినే వీలు కలుగుతోంది.

కాని యంత్రం తాను విన్న ఉదాహరణల నుంచే భాషను నేర్చుకుంటుంది. దానికి వినిపించిన తెలుగు పత్రికల తెలుగు, వార్తల తెలుగు మాత్రమే అయితే, చెలక అన్న మాట దానికి తెలియని మాట అవుతుంది. చోళ్లు అన్న మాటను మరొక మాటగా పొరబడుతుంది. అప్పుడు గ్రామీణుడు యంత్రానికి అర్థమయ్యేలా తన మాట మార్చుకోవలసి వస్తుంది. 1975లో శ్రోతగా మౌనంగా కూర్చున్న మనిషి, ఇప్పుడు మాట్లాడే అవకాశం వచ్చాక కూడా తన భాషలో మాట్లాడలేకపోతాడు. ఇది సైట్ లోపం మరింత సూక్ష్మరూపంలో పునరావృతం కావడమే.

దీన్ని నివారించే సామగ్రి తెలుగు శాఖల చేతిలో ఉంది. వృత్తిపదకోశ సంపుటాలు, మాండలికాలపై వెలువడిన సిద్ధాంత గ్రంథాలు, జానపద విజ్ఞాన పరిశోధకులు దశాబ్దాలుగా చేసిన ధ్వనిముద్రణలు – వీటిని ప్రాంత వివరాలతో, పలికినవారి అనుమతితో, యంత్రం చదవగల రూపంలో క్రమబద్ధం చేయవలసి ఉంది. పలికినవారి అనుమతి అన్న మాట ఇక్కడ మర్యాద కోసం చేర్చింది కాదు. మాట ఇచ్చిన సమాజానికి దాని వినియోగంపై హక్కు లేకపోతే, గ్రామీణుడు మరోసారి కేవలం సమాచార వనరుగా మిగులుతాడు.

పూనా గోష్ఠుల నాటినుంచి మాచనూరు వరకు సాగిన ఈ చరిత్రలో ప్రతి ప్రయోగమూ తన కాలపు ఉత్తమ యంత్రాన్ని వాడుకోలేదు. కాని శ్రోత మాటకు చోటిచ్చిన ప్రయోగాలే శ్రోత జీవితంలో నిలిచాయి. రాబోయే సాధనాలను మూల్యాంకనం చేసేటప్పుడు ఎన్ని గ్రామాలు కలిశాయన్న లెక్కతోపాటు, ఎన్ని తెలుగులు వినిపించాయన్న లెక్కను కూడా అడగవలసినవారు తెలుగు పరిశోధకులే.